పతకం అంచున ఉన్న నంబరుతో మొదలుపెడితే: వార్ గ్రేవ్స్ కమిషన్ శోధన సేవపై ఒక సమీక్ష

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తన వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తున్న యుద్ధమృతుల శోధన సేవను సికింద్రాబాద్‌లో కూర్చుని ఒక మామూలు బ్రిటిష్ సిపాయి కోసం వాడి చూశాక రాస్తున్న సమీక్ష ఇది. మా పిల్లలకు చదువు చెప్పిన బొల్లారం టీచరమ్మది ఆంగ్లో ఇండియన్ కుటుంబం. వారింట్లో మొదటి ప్రపంచయుద్ధం నాటి పతకాలు మూడు ఉన్నాయి, వాటితో పాటు ఒకే ఒక్క వాక్యంగా మిగిలిన కథ ఉంది: ఆవిడ ముత్తాత గుర్రపు పటాలంతో లడాయికి వెళ్లి తిరిగి రాలేదు. చనిపోయాడా, ఇంగ్లండులోనే ఉండిపోయాడా అన్నది మూడు తరాలుగా ఆ ఇంట్లో తేలని సంగతి. కుటుంబం కోరిక మేరకు ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు.

ఈ సేవ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ముందే తెలుసుకుంటే చాలా సమయం మిగులుతుంది. 1917 మే 21న రాజశాసనంతో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్‌గా ఏర్పడి, 1960లో ఇప్పటి పేరు పెట్టుకున్న ఈ సంస్థ రెండు ప్రపంచయుద్ధాలలో మరణించిన సుమారు 17 లక్షల మంది స్మృతిని 150కి పైగా దేశాలలో కాపాడుతోంది. దాని జాబితాలోకి వచ్చేవారు 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, మళ్లీ 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సైనికసేవకు సంబంధించి మరణించినవారు మాత్రమే. తిరుమలగిరిలోనూ బొల్లారంలోనూ మనం దొరల సమాధులని పిలిచే పాత రాళ్లలో ఎన్నో అంతకు ముందు శతాబ్దంలో జ్వరాలకూ కలరాకూ బలైనవారివి. వారి కోసం ఈ వెబ్‌సైటులో వెతకడం వృథా.

వెతకడానికి పేరు కంటే నంబరు గట్టి ఆధారం. బ్రిటిష్ సైన్యంలో ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలు ఉన్నవారు వందల్లో కనిపిస్తారు, పేరు ఒక్కటే ఇస్తే పేజీల కొద్దీ ఫలితాలు వచ్చి పడతాయి. అయితే ఆనాటి బ్రిటిష్ యుద్ధ పతకం, విజయ పతకం రెండింటి అంచు మీద ఆ మనిషి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు అచ్చు గుద్ది ఉంటాయి. 1914 నాటి నక్షత్ర పతకానికైతే అవి వెనకవైపున ఉంటాయి. చాలామంది పతకం మీది రాజుగారి బొమ్మను ఫోటో తీసి పంపుతారు గానీ మనకు కావలసింది అంచు. టీచరమ్మ ఇచ్చిన పతకాల మీద 7వ డ్రాగూన్ గార్డ్స్ అని ఉండడంతో సగం పని అక్కడే అయిపోయింది, ఎందుకంటే 1914లో యుద్ధం మొదలయ్యేనాటికి ఆ రెజిమెంటు సికింద్రాబాద్ దండులోనే ఉంది. 20వ దక్కన్ హార్స్, 34వ పూనా హార్స్‌లతో కలిసి సికింద్రాబాద్ అశ్వికదళ బ్రిగేడ్‌గా అది ఫ్రాన్సుకు వెళ్లింది. (ఆ దక్కన్ హార్స్ ఖర్చును నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భరించిన సంగతి నగర చరిత్ర చదివినవారికి కొత్త కాదు.) ఒక్క జాగ్రత్త అవసరం: అశ్వికదళ నంబర్లకు ముందు కొన్ని కాగితాల్లో ఒక అక్షరం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. అక్షరంతో దొరకకపోతే అది తీసేసి మళ్లీ ప్రయత్నించాలి. సైన్యమంతటికీ ఒకే వరుస నంబర్లు వచ్చింది 1920లో గనుక, అంతకు ముందు అదే నంబరు వేరే రెజిమెంటులో మరొకరికి ఉండవచ్చునన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నంబరు, రెజిమెంటు కలిపి ఇవ్వగానే ఒకే ఒక్క ఫలితం వచ్చింది. 1917లో మరణం, ఫ్రాన్సులోని రువాన్ నగరంలో సెయింట్ సెవర్ శ్మశానవాటిక విస్తరణ భాగంలో సమాధి, దాని గడి, వరుస, సంఖ్య. రువాన్ ఆ యుద్ధంలో బ్రిటిష్ సైనిక ఆసుపత్రుల ఊరు. అక్కడ ఖననం జరిగిందంటే గాయంతోనో జబ్బుతోనో ఆసుపత్రిదాకా చేరి మరణించి ఉండే అవకాశమే ఎక్కువ. ఇంగ్లండులో ఉండిపోయాడన్న అనుమానం ఈ ఒక్క పేజీతో తీరిపోయింది. డబ్బు తీసుకోకుండా, ఖాతా కూడా తెరవమనకుండా ఒక సంస్థ ఇంత సమాచారం చేతిలో పెట్టడం మెచ్చుకోవలసిన విషయం.

ఆ పేజీలో చాలామంది చూడకుండా దాటిపోయేది కింద జతచేసిన పాత కాగితాల నకళ్లు. సమాధి నమోదు పత్రం, రాయి మీద చెక్కవలసిన అక్షరాల పట్టిక, శవాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి తరలించి ఉంటే ఆ పత్రం కూడా ఇక్కడే దొరుకుతాయి. హోదాను బట్టి రాయి మారకూడదన్నది కమిషన్ నియమం కాబట్టి సేనానికీ సిపాయికీ ఒకే కొలత రాయి నిలబడింది. అడుగున కుటుంబం కోరిన మాట చెక్కించుకోవడానికి మాత్రం ఖాళీలతో కలిపి 66 అక్షరాల హద్దు, మొదట్లో అక్షరానికి 3.5 పెన్నీల ధర ఉండేవి. మన సిపాయి రాయికి ఒక చిన్న బైబిలు వాక్యాన్ని ఇంగ్లండులోని తల్లి కోరినట్టు పట్టికలో ఉంది.

అసలు చిక్కు కూడా అక్కడే బయటపడింది. పేజీలోని అదనపు సమాచారంలో ఫలానా దంపతుల కుమారుడు, ఫలానా ఊరివాడు అని ఉంది తప్ప సికింద్రాబాద్‌లో పెళ్లాడిన భార్య ప్రస్తావన లేదు. కుటుంబం మొదట దీన్ని చూసి ఈయన మనవాడు కాదేమో అనుకుంది. కానీ ఆ వరుస ఎలా వచ్చిందో తెలిస్తే సందేహం తీరుతుంది. యుద్ధానంతరం కమిషన్ వారు దగ్గరి బంధువులకు ఒక ఫారం పంపి, నింపి తిరిగి పంపినవారి వివరాలను అచ్చు వేశారు. నింపనివారి విషయంలో వయసు కూడా ఖాళీగానే మిగిలిపోయింది. అంటే ఆ పేజీలో కనిపించే కుటుంబం ఫారం నింపిన కుటుంబం. మగపెళ్లివారి పేర్లే అచ్చయిన శుభలేఖ లాంటిది. అక్కడ భార్య పేరు లేకపోవడం భార్య లేదనడానికి సాక్ష్యం కాదు. ఈ హెచ్చరికను కమిషన్ ప్రతి పేజీలోనూ ఒక వాక్యంగానైనా పెట్టి ఉంటే బాగుండేది.

భార్య దొరికింది మరోచోట. 1901 నుంచి మొదలయ్యే మృతసైనికుల సొమ్ము లెక్కల రిజిస్టర్లు ఇప్పుడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం అధీనంలో ఉన్నాయి. వాటి నకళ్లను చందా వసూలు చేసే వంశావళి వెబ్‌సైట్లలో చూడవచ్చు. సిపాయికి రావలసిన జీతం బాకీ ఎంత, యుద్ధ భృతి ఎంత, అది ఎవరికి ఇచ్చారు అన్నవి ఒకే వరుసలో రాసి ఉంటాయి. మరణించిన ఆసుపత్రి వివరం కూడా తరచుగా కనిపిస్తుంది. మన సిపాయి వరుసలో సొమ్ము అందుకున్నది వితంతువు, ఆమె పేరు టీచరమ్మ ముత్తవ్వ పేరే. జ్ఞాపకం కోసం రాసిన కాగితం కాదది, పద్దు రాసుకున్న గుమాస్తా కాగితం. అయినా ఈ మొత్తం వెతుకులాటలో కుటుంబానికి అన్నిటికంటే విలువైనదిగా నాకు తోచినది ఆ పద్దే. ఆ పెళ్లిని మరో వైపు నుంచి రూఢి చేసుకోవడానికి చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. 1847లో కట్టిన బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి వంటి ఇక్కడి చర్చిల పెళ్లి, బాప్తిస్మ, ఖనన నకళ్లు ప్రధానంగా మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల శ్రేణిలో చేరి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో ఉన్నాయి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వారి ఉచిత సూచికలో పేర్లు చూసుకున్నాకే వాటికోసం డబ్బు ఖర్చు పెట్టడం మేలు.

సేవాకాలం వివరాలు ఆశించినవారికి మాత్రం నిరాశ తప్పకపోవచ్చు. సిపాయిల వ్యక్తిగత సేవాపత్రాలు దాచిన లండన్ గిడ్డంగి 1940 సెప్టెంబరు బాంబుదాడిలో తగలబడి, మొదటి ప్రపంచయుద్ధపు పత్రాలలో సుమారు 60 శాతం నాశనమయ్యాయి. మిగిలినవాటిలో మన సిపాయి లేడు. ఆ లోటును కొంతవరకు పూడ్చేవి బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని పతకాల కార్డు, రెజిమెంటు యుద్ధ దినచర్య. కార్డులో ఏ రణరంగంలో ఎప్పుడు కాలు పెట్టాడన్న తేదీ ఉంది: 1914 అక్టోబరు, ఫ్రాన్సు. దినచర్యలో సిపాయిల పేర్లు సాధారణంగా రాయరు. అధికారి గాయపడితే పేరు, సిపాయిలు చనిపోతే అంకె. అయినా ఫలానా తేదీన ఆ పటాలం ఎక్కడుందో అందులో స్పష్టంగా తెలుస్తుంది. 1916 జులై 14 సాయంత్రం సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర 7వ డ్రాగూన్ గార్డ్స్, దక్కన్ హార్స్ బల్లేలతో గుర్రాల మీద దూసుకుపోయిన ఘట్టం అలా చదివినదే. మరఫిరంగులు, ముళ్లకంచెల కాలంలో అశ్వికదళం గుర్రాల మీద పోరాడిన అరుదైన రోజులలో అదొకటి. మిగతా కాలంలో వారిని గుర్రాలు దింపి కందకాల పనికి పంపడమే ఎక్కువ. 1918లో మరణించినవారికోసం వెతికేవారు ఒకటి గమనించాలి: ఆ ఏడాది భారతీయ రెజిమెంట్లు పాలస్తీనా వైపు వెళ్లిపోగా 7వ డ్రాగూన్ గార్డ్స్ ఫ్రాన్సులోనే ఆగి 7వ అశ్వికదళ బ్రిగేడ్‌లో చేరింది. సికింద్రాబాద్ పేరున్న దస్త్రంలో ఆ తరువాతి కథ దొరకదు.

యుద్ధకాలంలో ఇక్కడే, సికింద్రాబాద్ ప్రాంతంలోనే మరణించిన సిపాయికోసం అయితే దారి వేరు. స్థానిక శ్మశానాలలో తిరిగే ముందు చెన్నై నందంబాక్కంలోని మద్రాసు యుద్ధ శ్మశానవాటికలో ఉన్న 1914-1918 స్మారకం జాబితా చూడడం మంచిది. దేశంలోని వేరువేరు కంటోన్మెంటు శ్మశానాలలో శాశ్వత సంరక్షణ సాధ్యం కాని వెయ్యిమందికి పైగా పేర్లను దాని మీద చేర్చారు. పేరు చెన్నైలో ఉండి, మనిషి మాత్రం మన ఊళ్లోనే మట్టిలో ఉండే అవకాశం ఉందన్నమాట.

కమిషన్ విషయంలో ఒక అసంతృప్తి చెప్పకుండా ఉండలేను. బ్రిటిష్ సిపాయి విషయంలో సమానత్వ నియమం కచ్చితంగా నడిచింది. మిగతావారి విషయంలో నడవలేదని ఆ సంస్థ నియమించిన కమిటీయే 2021 ఏప్రిల్‌లో తేల్చింది. 45,000 నుంచి 54,000 మంది భారతీయ, ఆఫ్రికన్, ఈజిప్షియన్ తదితర మృతులను అసమానంగా స్మరించారనీ, కనీసం 1,16,000 మందికి పేరుతో గానీ అసలుగానీ స్మరణ దక్కలేదనీ ఆ నివేదిక చెప్పింది. కమిషన్ క్షమాపణ కోరింది. టీచరమ్మ ముత్తాత గుర్రాన్ని ఈ ఊరి నుంచి తోడుగా వెళ్లిన సయీసు మేపి ఉండవచ్చు. ఆయన మనవలు ఇవాళ ఇదే వెబ్‌సైటు తెరిస్తే వారికి ఈ పాటి సమాచారం దొరుకుతుందన్న భరోసా నాకు లేదు. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇవ్వడానికి, ఐదోది ఇవ్వకపోవడానికి ఇదే కారణం.

డబ్బు సంగతి. మొదట్లో ఈ పనిని విదేశంలోని ఒక పరిశోధకుడికి అప్పగించి కుటుంబం గణనీయమైన రుసుము చెల్లించింది. వచ్చిన నివేదికలో ఎక్కువభాగం కమిషన్ పేజీ ముద్రించి పంపినదే. ఉచితంగా దొరికేదంతా మీరే తీసుకుని, ఏ రిజిస్టరులో ఏ వరుస కావాలో రాసుకున్నాక మాత్రమే చందా వెబ్‌సైటులో ఒక్క నెలకు చేరడం మంచిది. చేరిన రోజునే ఆటోమేటిక్ పునరుద్ధరణ ఆపేయాలి, లేకపోతే కార్డు నుంచి పౌండ్లలోనో డాలర్లలోనో మళ్లీ కోత పడుతుంది. రెండో ప్రపంచయుద్ధపు సిపాయి విషయంలో తొందరపడి చందా కట్టనక్కరలేదు. ఆ సేవాపత్రాలను బ్రిటిష్ రక్షణశాఖ 2022 నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌కు బదిలీ చేస్తోంది, బదిలీ అయినవాటికి అభ్యర్థన అక్కడే పెట్టాలి. కమిషన్ పేజీలో తప్పు కనిపిస్తే ఆధారపత్రాలతో సవరణ కోరే వీలుంది. చర్చి రిజిస్టరు నకలు అందగానే ముత్తవ్వ పేరును చేర్చమని టీచరమ్మ అర్జీ పెట్టబోతున్నారు.