డాబా గచ్చు మీది పాత బంకకు డైమండ్ కప్ వీల్: చాలాకాలం వాడాక

డైమండ్ కప్ వీల్ (అంచున వజ్రపు రవ్వ పొదిగిన పళ్లుండే గిన్నెలాంటి చక్రం) ఒక్కటి కొని యాంగిల్ గ్రైండర్‌కు, అంటే చేత్తో పట్టుకుని అరగదీసే మెషీన్‌కు, బిగిస్తే పాత బంకంతా పోతుందనుకుంటే డబ్బు దండగ. అది ఆఖర్న మిగిలే పలచటి పొరకు పనికొచ్చే సరుకు. ఆ పనిలో మాత్రం దానికి వంక పెట్టలేను.

మా డాబా మీద ప్లాస్టిక్ గడ్డిని రబ్బరు బంకతో అంటించారు. ఎండకు గడ్డి పెళుసెక్కి ఊడిపోయింది, బంక మిగిలింది. అక్కడ మొదలుపెట్టి బాల్కనీ, కారు షెడ్డు, తమ్ముడి ఇంటి మెట్లు అన్నీ ఈ నాలుగంగుళాల డబుల్ రో (రెండు వరసల పళ్లున్న) వీల్‌తోనే గీకాను. కొనేముందు వీల్ బిగించే మర సైజు చూసుకోండి: నాలుగంగుళాల మెషీన్లకు మామూలుగా ఎం10 (10 మి.మీ. మర), ఐదంగుళాల వాటికి ఎం14.

అసలు చిక్కు వేడి. మెషీన్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. మందపాటి బంక మీద పెడితే రబ్బరు మెత్తబడి పళ్ల మధ్య నల్లగా అతుక్కుంటుంది. కాలిన వాసన మొదలైందంటే వీల్ ఇక కోయడం లేదు, బంకను పులుముతోంది. అప్పుడు గరుకు సిమెంటు ఇటుక మీద కాసేపు ఆడిస్తే ఆ నలుపు రాలి, వజ్రపు రవ్వ మళ్లీ బయటపడుతుంది.

అందుకే ముందు పొడవు కర్ర స్క్రాపర్‌తో గీకాలి, అదీ తెల్లవారుజామునే. చల్లగా ఉన్నప్పుడు బంక పెచ్చులుగా లేస్తుంది. ఎండెక్కితే సాగుతుంది, లేవదు. థిన్నర్ నాకు నచ్చలేదు. కరిగిన బంక గచ్చు సందుల్లోకి దిగి, తర్వాత వేసే వాటర్‌ప్రూఫ్ కోటు అక్కడ సరిగా పట్టదు. కొందరు పెట్రోలు పోసి తుడుస్తారు. అంటుకోవడానికి గ్రైండర్ మోటారులోని కార్బన్ బ్రష్‌ల నిప్పురవ్వ చాలు!

వీల్‌ను ఓ పక్కకు వంచితే గచ్చు మీద చంద్రవంకల్లా గాట్లు పడతాయి. పిట్టగోడ వారన చివరి అంగుళానికి అది అందదు, ఉలే దిక్కు. దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోకండి. అందులోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. తువ్వాలు చాలదు, ఎన్95 మాస్కు, వీలైతే వాక్యూమ్ తగిలించే డస్ట్ కవరు పెట్టుకోండి. ఇన్నాళ్లకు వీల్ పళ్లు సగమే అరిగాయి. ఆ దుమ్ముకు గ్రైండర్ కార్బన్ బ్రష్‌లు, స్విచ్ మాత్రం మార్చాల్సొచ్చింది.

పాత ఇళ్ల ఎర్ర గచ్చు అరుగుల మీద దీన్ని ఆనించొద్దు. రంగు పొర పైపైనే ఉంటుంది, బంకతోపాటే లేచిపోతుంది. అక్కడ హీట్ గన్‌తో వెచ్చబెట్టి, ప్లాస్టిక్ పట్టీతో నెమ్మదిగా లాగడమే.