జూమ్ హెచ్1ఎన్: ఏళ్లుగా వాడాక నా అంచనా

ఇంట్లో పెద్దవాళ్ల మాటలు, పెళ్లి పాటలు, హరికథ, చిన్న కచేరీ రికార్డు చేసుకోవడానికి జూమ్ హెచ్1ఎన్ అనే చేతి సైజు సౌండ్ రికార్డర్‌ను ఇప్పటికీ ధైర్యంగా సిఫారసు చేస్తాను. 2018 నాటి మోడల్. తల దగ్గర 90 డిగ్రీల కోణంలో రెండు మైకులు, ముందువైపు పెద్ద రికార్డు బటన్, శబ్దాన్ని ఎంత గట్టిగా పట్టాలో సరిచేసే, 0 నుంచి 10 దాకా తిరిగే లెవెల్ చక్రం. ఫోన్ కన్నా ఇది మెరుగనిపించేది ఆ చక్రం వల్లే. ఫోన్ యాప్‌లలో చాలావాటికి గొంతు పెరిగితే తగ్గించడం, ఆగితే పెంచడం అలవాటు. దాంతో మాటకీ మాటకీ మధ్య ఫ్యాను హోరు పైకి లేస్తుంది. ఇందులోనూ అలా తనంతట తానే సర్దే ఆటో లెవెల్ ఉంది. దాన్ని ఆపేయండి.

ముందు రికార్డింగ్ ఫార్మాట్‌ను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌కు (శబ్దాన్ని కుదించని ఫైలు రకం) మార్చాలి. గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది. మైక్రో ఎస్‌డీ కార్డు 32 జీబీ వరకే తీసుకోండి, రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి. తర్వాత పాడేవారిని తారస్థాయిలో ఒక చరణం పాడమనాలి. అప్పుడు తెరమీది లెవెల్ మీటరు −12 దగ్గర ఆగేలా చక్రం తిప్పితే చాలు. 24 బిట్‌లో కాస్త తక్కువగా పట్టినా తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతును మాత్రం బాగుచేయలేం. హఠాత్తుగా పెరిగే శబ్దాన్ని అణిచే లిమిటర్ వేసి ఉంచండి. అయినా డోలు, సన్నాయికి మరీ దగ్గరగా పెట్టకూడదు. మైకులు తట్టుకునేది 120 డెసిబెల్స్ దాకానే, అది దాటాక చక్రం తగ్గించినా లాభం లేదు.

మాటకైతే నోటికి జానెడు, జానెడున్నర దూరంలో, కొంచెం పక్కకు ఉంచాలి. సూటిగా ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి తగిలి ధబ్‌మంటుంది. లో కట్ (అడుగు స్థాయి హోరును తగ్గించే వడపోత) మాటకు 120 హెర్ట్జ్ బాగుంటుంది, మృదంగం ఉంటే తీసేయాలి. గాలికి ఫోమ్ తొడుగు తప్పనిసరి, ఆరుబయట బొచ్చు తొడుగే పనిచేస్తుంది. గాలి మైకునే కొట్టేశాక లో కట్ దాన్ని పూర్తిగా తీయలేదు.

ప్లాస్టిక్ ఒళ్లు కాబట్టి చేత్తో పట్టుకుంటే వేళ్ల కదలిక కూడా వినబడుతుంది. వెనక మామూలు కెమెరా స్టాండు మర ఉంది, చిన్న ట్రైపాడ్‌కు బిగించండి.

కాలర్ మైకు పెట్టేవారు ఎక్కువగా తడబడేది పిన్ను దగ్గర. మూడు నల్ల గీతలుండే ఫోన్ పిన్ను దీనికి సరిపడదు, రెండు గీతలదే కావాలి. మెనూలో ప్లగ్-ఇన్ పవర్ (పిన్ను ద్వారా మైకుకు అందే కరెంటు) కూడా వేయాలి, లేకపోతే ఆ మైకు మూగబోతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు (స్టేజీ మీద వాడే మూడు పిన్నుల లావు ప్లగ్గువి) వాడే పనైతే ఇది మీ యంత్రం కాదు.

రెండు ట్రిపుల్ ఏ ఆల్కలైన్ బ్యాటరీలకు పది గంటలని కంపెనీ లెక్క. రీచార్జ్ బ్యాటరీలు వేస్తే మెనూలో రకం మార్చండి, లేదంటే మిగిలిన చార్జీ తప్పుగా చూపిస్తుంది. రికార్డింగ్ నడుస్తుండగా బ్యాటరీలు తీయవద్దు, ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. మొదలుపెట్టగానే పవర్ స్విచ్‌ను హోల్డ్ వైపు జరిపితే పొరపాటున బటన్ తగిలినా ఆగదు.

2024లో వచ్చిన హెచ్1 ఎసెన్షియల్‌లో చాలా చిన్న శబ్దం నుంచి చాలా పెద్ద శబ్దం దాకా ఫైలులో పట్టే 32 బిట్ ఫ్లోట్ పద్ధతి ఉంది, లెవెల్ చక్రంతో పనే లేదు. కొత్తగా కొనేవారు, ముఖ్యంగా మీటరు చూసే తీరిక లేనివారు అదే తీసుకోవాలి. హెచ్1ఎన్ తక్కువ ధరకు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే, ఇయర్‌ఫోన్ పెట్టుకుని రెండు మైకులూ సమానంగా పలుకుతున్నాయో లేదో, చక్రం తిప్పేటప్పుడు గరగర వస్తోందేమో విని మరీ డబ్బివ్వండి.