మెక్‌మనమన్: ఎక్కువ పొగిడారా, తక్కువ చేశారా?

ఇప్పుడు ఇంగ్లిష్ ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లకు స్టీవ్ మెక్‌మనమన్ అంటే టీవీలో వినిపించే ఒక కామెంటరీ గొంతు. అంతకు ముందు తరానికి మాత్రం తెగని పంచాయతీ. 1990ల లివర్‌పూల్‌లో బంతిని అంత అందంగా నడిపించినవాడు ఇంకొకడు లేడని ఒకరంటారు. అంత టాలెంట్ పెట్టుకుని చివరికి సాధించిందేమిటని ఇంకొకరు అడుగుతారు. తమాషా ఏమిటంటే, ఇద్దరూ చూపించే సాక్ష్యం ఒక్కటే: అతను రియల్ మాడ్రిడ్‌లో ఆడిన నాలుగేళ్లు. ఒకరికి అది గొప్పతనానికి రుజువు. ఇంకొకరికి మహామహుల పక్కన నిలబడి ఫోటో దిగడం.

నా ఓటు "తక్కువ చేశారు" వైపే. అయితే అవతలి వాదన కొట్టిపారేసేది కాదు కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

పెదవి విరిచేవాళ్ల లెక్క

లివర్‌పూల్‌కు 364 మ్యాచ్‌లు, 66 గోల్స్. అంటే అయిదారు మ్యాచ్‌లకు ఒక గోల్. మైదానం అంచున గీత పక్కన నిలబడి గోల్ ముందుకు బంతులు (క్రాస్‌లు) వేసే వింగర్‌కైతే ఇది తప్పు పట్టాల్సిన లెక్క కాదు. కానీ కోచ్ రాయ్ ఎవాన్స్ అతనికి ఇచ్చింది ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఏమైనా చేయొచ్చు అనే స్వేచ్ఛ. అంత స్వేచ్ఛ ఉన్నవాడి నుంచి ఇంకొన్ని గోల్స్ ఆశించడం అత్యాశ కాదు. ముగ్గుర్ని దాటుకుని వచ్చి, తీరా గోల్ ముందు బలం లేని షాట్ కొట్టడం అభిమానులకు బాగా అలవాటైన దృశ్యం. ఎంత తిట్టుకున్నా మళ్లీ బంతి అతని కాలికి రాగానే సీట్లోంచి లేచేవాళ్లు, అది వేరే సంగతి.

లివర్‌పూల్‌తో ట్రోఫీల సంగతికొస్తే రెండే, రెండూ నాకౌట్ టోర్నీలే: 1992 ఎఫ్‌ఏ కప్, 1995 లీగ్ కప్. రెండోది దాదాపు అతను ఒంటిచేత్తో గెలిపించిందే. వెంబ్లీలో బోల్టన్ మీద 2-1తో గెలిస్తే ఆ రెండు గోల్స్ అతనివే. కానీ లీగ్ టైటిల్ ఒక్కసారీ దక్కలేదు. 1996-97లో జనవరి నాటికి ముందున్న టీమ్ చివరికి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. 1996 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు మీగడ రంగు సూట్లు వేసుకొచ్చి మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడిన ఆ కుర్రాళ్ల గుంపులో ఇతనూ ఉన్నాడు. సూట్ల గురించి రాసినంతగా ఎవరూ ఆ మ్యాచ్‌లోని ఆట గురించి రాయలేదు. నిజానికి అందులో రాయదగ్గ ఆట కూడా పెద్దగా లేదు.

ఇంగ్లండ్ జట్టు లెక్క ఇంకా పలచన. 37 మ్యాచ్‌లు, మూడు గోల్స్. ఆ మూడింట్లో రెండు 1999లో లక్సెంబర్గ్ మీద కొట్టినవి. కెరీర్ చివర్లో మాంచెస్టర్ సిటీకి రెండేళ్లు ఆడి ఒక్క గోల్ కూడా వేయలేదు. వీటికి తోడు లివర్‌పూల్ అభిమానులు ఇంకో మాట గుర్తుచేస్తారు. 1999లో అతను వెళ్లిపోయాడు, 2001లో క్లబ్ ఒకే సీజన్‌లో లీగ్ కప్, ఎఫ్‌ఏ కప్, యూరప్ క్లబ్‌ల టోర్నీ అయిన యూఈఎఫ్‌ఏ కప్ మూడూ గెలిచింది. అతను లేకపోయినా ఏమీ ఆగలేదు కదా అని వాళ్ల ప్రశ్న.

కాగితం మీద చూస్తే ఈ వాదనదే పైచేయి.

అసలు అతను చేసిన పని

తేడా వచ్చేది ఇక్కడే. పైన చెప్పిన లెక్కలన్నీ అతను వింగర్ అనుకుని వేసినవి. అతని ఆట మాత్రం అది కాదు. సన్నగా, పొడుగ్గా, నిటారుగా పరిగెత్తేవాడు. కాలి వెలుపలి అంచుతో బంతిని చిన్నగా తోసుకుంటూ వెళ్లేవాడు, బంతి అతని కాలికి అడుగు దూరం దాటేది కాదు. మెరుపు వేగం లేదు, కళ్లు చెదిరే ట్రిక్కులూ లేవు. ఎదుటివాడు కాలు పెట్టే క్షణం దాకా ఆగి, సరిగ్గా అప్పుడు దిశ మార్చేవాడు. ఎదుటివాడి బరువు ఒక కాలి మీద పడి ఉంటుంది, వెనక్కి తిరిగేసరికి ఇతను వెళ్లిపోయి ఉంటాడు.

దీన్ని చూడాలంటే 1997 సెప్టెంబర్‌లో సెల్టిక్ మీద యూఈఎఫ్‌ఏ కప్‌లో వేసిన గోల్ చాలు. లివర్‌పూల్ 2-1తో వెనకబడి ఉంది, మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో ఉంది. తమ సగంలో బంతి అందుకుని కుడివైపు నుంచి బయలుదేరాడు. ఎదురొచ్చినవాళ్లను తప్పించుకుంటూ మధ్యలోకి వచ్చి, పెనాల్టీ ఏరియా అంచు నుంచి ఎడమ కాలితో మూలకు వంపు తిప్పి కొట్టాడు. అది పరుగు పందెంలా అనిపించదు. ఒక్కొక్కరూ పక్కకు తప్పుకుని దారిచ్చినట్టు ఉంటుంది.

ఇలాంటివాడు టీమ్‌కు ఇచ్చేది గోల్స్ పట్టికలో కనిపించదు. ఒత్తిడిలో ఉన్న టీమ్ బంతి అతనికిచ్చి ఊపిరి పీల్చుకుంటుంది. అతను ముప్పై గజాలు ముందుకు తీసుకెళ్లేసరికి అవతలి టీమ్ మొత్తం వెనక్కి జరుగుతుంది. ఆ తర్వాతి పాస్ ఎవరిచ్చినా, గోల్ ఎవరు కొట్టినా, పని మొదలైంది అక్కడ. ఇప్పుడైతే బంతిని ఎవరు ఎన్ని గజాలు ముందుకు మోశారో కూడా లెక్కగట్టి చూపిస్తున్నారు. 90ల్లో చూసేది గోల్సూ, గోల్‌కు దారితీసిన ఆఖరి పాస్‌లూ (అసిస్టులు) మాత్రమే.

బెకమ్ పక్కన పెడితే

మెక్‌మనమన్, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు డేవిడ్ బెకమ్ ఇద్దరిదీ ఒకే కాలం, ఒకే దేశం. ఇద్దరూ కుడివైపు ఆడినవాళ్లే, ఇద్దరూ మాడ్రిడ్‌లో నాలుగేసి సీజన్లు గడిపినవాళ్లే. పోలికకు ఇంతకంటే మంచి జత దొరకదు.

క్రాస్, ఫ్రీ కిక్, దూరపు పాస్ విషయంలో బెకమ్‌తో పోటీయే లేదు. ఇంగ్లండ్‌కు 115 మ్యాచ్‌లు ఆడాడు, కెప్టెన్ అయ్యాడు, యునైటెడ్‌లో ఆరు లీగ్ టైటిల్స్ గెలిచాడు. మొత్తం కెరీర్ చూస్తే బెకమ్‌దే పైచేయి, ఇందులో వాదించడానికేం లేదు.

మాడ్రిడ్ వరకే చూస్తే కథ తిరగబడుతుంది. 2003 నుంచి 2007 వరకు బెకమ్ అక్కడ గెలిచిన పెద్ద టైటిల్ ఒకే ఒక్క లీగ్, అదీ చివరి ఏడాదిలో. 1999 నుంచి 2003 వరకు మెక్‌మనమన్ గెలిచినవి రెండు లీగ్ టైటిల్స్, యూరప్ క్లబ్‌ల అతి పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ రెండుసార్లు. టీమ్ మంచిది కాబట్టి గెలిచాడు అనొచ్చు. కానీ బెకమ్ వచ్చినప్పుడు జిదాన్, ఫిగో, రొనాల్డో, రౌల్ అందరూ అక్కడే ఉన్నారు. టీమ్ నిండా పేర్లుంటే టైటిల్స్ వాటంతట అవే రావని ఆ నాలుగేళ్లే చెబుతాయి. బంతిని పోగొట్టకుండా, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుకుని ఆడే మనిషి విలువ అలాంటి టీమ్‌లోనే తెలుస్తుంది.

2000 మే 24, ఆ తర్వాత వచ్చిన వేసవి

పారిస్ శివార్లలోని స్టాడ్ డి ఫ్రాన్స్‌లో వాలెన్సియాతో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఆ రోజు మెక్‌మనమన్ ఆడింది వింగ్‌లో కాదు, మధ్యలో మిడ్‌ఫీల్డర్ రెడోండో పక్కన. నా మొత్తం వాదనకు ఈ ఒక్క విషయం చాలు. అతని కెరీర్‌లో అతి పెద్ద మ్యాచ్‌లో కోచ్ డెల్ బోస్కే అతన్ని వింగర్‌గా చూడలేదు, మిడ్‌ఫీల్డ్‌ను నడిపించేవాడిగా చూశాడు. 67వ నిమిషంలో రాబర్టో కార్లోస్ పొడవాటి త్రో విసిరాడు, వాలెన్సియా వాళ్లు తలతో బయటికి నెట్టారు. పెనాల్టీ ఏరియా అంచున దిగుతున్న ఆ బంతిని మెక్‌మనమన్ నేలను తాకనివ్వకుండా, గాల్లోకి లేచి, పక్కకు ఒరిగి వాలీ కొట్టాడు. 2-0. మ్యాచ్ అక్కడే అయిపోయింది, తర్వాత రౌల్ మూడోది వేశాడు. ఇంగ్లండ్ బయటి క్లబ్‌తో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన మొదటి ఇంగ్లిష్ ఆటగాడు అతనే.

రెండు నెలలు తిరక్కుండానే క్లబ్‌కు కొత్త అధ్యక్షుడు వచ్చాడు, ప్రపంచ రికార్డు ధరకు ఫిగో వచ్చాడు. రెడోండోను మిలాన్‌కు అమ్మేశారు. మెక్‌మనమన్‌నూ పంపించేయాలని చూశారు, అతను కదలలేదు. గొడవ పెట్టుకోలేదు, పత్రికలకెక్కి ఏడవలేదు, రోజూ ప్రాక్టీస్‌కు వచ్చాడు. కొన్నాళ్లకు డెల్ బోస్కే మళ్లీ టీమ్‌లోకి తీసుకున్నాడు. ఆ సీజన్ లీగ్ టైటిల్ మాడ్రిడ్‌దే. 2002లో బార్సిలోనా గడ్డ మీద ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో, 90 నిమిషాలు దాటాక ఇంజురీ టైమ్‌లో గోల్‌కీపర్ తల మీదుగా బంతిని ఎత్తి వేసిన రెండో గోల్ కూడా అతనిదే. ఫైనల్లో ఫిగో స్థానంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు.

లీగ్‌లో మాడ్రిడ్‌కు 94 మ్యాచ్‌లాడి వేసింది 8 గోల్స్ అని మళ్లీ ఎవరో లెక్క తీస్తారు. నిజమే. కానీ ఒక సెమీస్‌లో, ఒక ఫైనల్లో వేసిన గోల్స్‌ను వదిలేసి, మామూలు వారాల గోల్స్‌తోనే సగటు తీస్తే ఏం తెలుస్తుంది?

మరి చులకన ఎందుకయ్యాడు

ఒక కారణం డబ్బు. బోస్మన్ తీర్పు పుణ్యమా అని కాంట్రాక్ట్ అయిపోగానే అతను ఉచితంగా వెళ్లిపోయాడు, లివర్‌పూల్‌కు ఒక్క పౌండ్ రాలేదు. ఇప్పుడు ఇది మామూలే, అప్పట్లో సొంత క్లబ్‌కు వెన్నుపోటులా చూశారు. ఆ కోపం అతని ఆట మీద తీర్పుగా మారిపోయింది. ఇంకొకటి, ఇంగ్లండ్ కోచ్‌లకు అతన్ని ఎక్కడ ఆడించాలో అర్థం కాలేదు. 1996 యూరోలో ఇంగ్లండ్ సెమీస్ దాకా వెళ్లినప్పుడు బాగానే మెరిశాడు. 1998 ప్రపంచకప్‌లో ఎక్కువగా బెంచీ మీదే గడిపాడు. 2002 ప్రపంచకప్‌కు కోచ్ ఎరిక్సన్ అసలు తీసుకెళ్లలేదు, అదీ రెండో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన ఏడాదే.

ఇంగ్లండ్‌కు అతని చివరి మ్యాచ్ 2001 అక్టోబర్‌లో గ్రీస్‌తో జరిగింది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. ఆ మ్యాచ్ పేరెత్తితే చివరి నిమిషంలో బెకమ్ కొట్టిన ఫ్రీ కిక్ తప్ప ఎవరికీ ఏదీ గుర్తుండదు, ఉండాల్సిన పనీ లేదు.

లివర్‌పూల్‌లో వింగర్‌గా చూస్తే ఎక్కువ పొగిడారన్న మాటను కొంతవరకు ఒప్పుకుంటాను. ఆ పొగడ్తల్లో సగం "రేపు గొప్పవాడవుతాడు" అన్న ఆశకు పడ్డవి. ఆ రేపు వచ్చేసరికి అతను మాడ్రిడ్‌లో ఉన్నాడు, పొగిడినవాళ్లలో చాలామంది చూడటం మానేశారు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో అంచుల్లో ఆడే (వైడ్) ఆటగాళ్లను వరసగా పెట్టమంటే బెకమ్ తర్వాతి చోటు అతనికే ఇస్తాను. గోల్స్ చూసి ఆండర్టన్‌నో, లె టిసియేనో ముందు పెడతామంటే పెట్టుకోండి. కానీ ఫైనల్లో ఒక గోల్ ముందుండి బంతిని కాపాడుకోవాల్సి వస్తే నేను పిలిచేది మెక్‌మనమన్‌నే.