101.6 హెచ్‌పీ కాగితం చూసి పడిపోకండి: ఇంజన్ బిల్డ్, డైనో పేరుతో నన్ను ముంచిన షెడ్డు

కోపం చల్లారకముందే రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి. షెడ్డు పేరు రాయను. భీమవరం నుంచి రావులపాలెం దాకా కారు పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలిసిన షెడ్డే. బయట బోర్డు నిండా మంటల బొమ్మలు, లోపల రోలర్ డైనో, అంటే బండి చక్రాల్ని రోలర్ల మీద తిప్పించి పవరు కొలిచే మిషను. అర్థమైపోయి ఉంటుంది.

బండి పాత ఎస్టీమ్, జి13 ఇంజన్, 1298 సీసీ. వారమంతా రోడ్డు మీద తిరగాలి, అప్పుడప్పుడూ కోయంబత్తూరు ట్రాకు మీద పరిగెత్తాలి. 74 బోరు 74.5కి రీబోరు, ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా డైలో నొక్కి చేసిన) పిస్టన్లు, గట్టి రాడ్ బోల్టులు, వాల్వులు తెరిచే క్యామ్, 4-2-1 హెడర్ (పొగ గొట్టాలు), విడి ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు), కంప్రెషన్ నిష్పత్తి 10.2. మొత్తం 2,40,000. అడ్వాన్సు కాదు, మొత్తం, బండి చేతికి రాకముందే. అవునండీ, నా అంత తెలివైనవాడు ఈ జిల్లాలో లేడు.

డైనో రోజు సంగతికి వస్తాను. రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు. రోళ్ళు పగిలే ఎండ, పైగా మన ఉక్కపోత, షెడ్డులో 38 డిగ్రీలు. మూడు రన్లు కొట్టారు. ప్రింటు చేతికొచ్చింది: చక్రాల దగ్గర 101.6 హెచ్‌పీ. మూడంకెలు! నేను ఫోన్‌లో వీడియో తీసుకుని స్టేటస్ పెట్టుకున్నాను. రాత్రి ఇంట్లో అదే వీడియో పెద్దది చేసి చూస్తే, రన్నుకి ముందు కుర్రాడు కీబోర్డు మీద 9, 1, 0 కొట్టడం కనిపించింది. కాగితం అడుగున మూడో లైన్లో అదే ఉంది: గాలి పీడనం 910 మిల్లీబార్లు, ఉష్ణోగ్రత 26, కరెక్షన్ 1.14.

910! డెల్టాలో! సముద్రమట్టానికి నాలుగు మీటర్ల ఎత్తు కూడా లేని ఊళ్ళో! 96 తుపాను నెత్తిమీద నుంచి పోయినప్పుడు కూడా ఇక్కడ అంత పడలేదు. 910 అంటే బెంగుళూరు ఎత్తు, 900 మీటర్ల పైమాట.

ఈ అంకెతో ఏం జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. డైనో కొలిచేది ఆ పూట గాలిలో రోలరు మీద పడ్డ పవరు. దాన్ని 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడిగాలికి సర్దితే వచ్చేది ఎస్ఏఈ (అమెరికా ఆటో ఇంజనీర్ల సంఘం) లెక్క, ఆ సర్దడానికి గుణించే అంకే కరెక్షన్. ఆ మధ్యాహ్నం మా దగ్గర నిజంగా ఉన్నది 1003. అందులో తేమ వాటా 35 తీసేస్తే పొడిగాలి 968. దానికి 38 డిగ్రీలు కలిపి లెక్కేస్తే కరెక్షన్ 1.05 వస్తుంది. అదే 910, 26 అని కొట్టి తేమ వాటా తీసేస్తే 1.14. అంటే 101.6ని 1.14తో భాగిస్తే రోలరు మీద పడింది 89.1, దాన్ని న్యాయంగా సర్దితే 93.6. ఎనిమిది గుర్రాలు కీబోర్డులోంచి పుట్టాయి. నిజానికి ఈ బిల్డుకి 93.6 మంచి అంకే. అదే చెప్పి ఉంటే దణ్ణం పెట్టేవాణ్ణి. కరెక్షన్ 1.07 దాటితే ఆ కాగితాన్ని అనుమానంగానే చూడాలన్న ముక్క నాకు తెలుసు. తెలిసీ చూసుకోలేదు.

పొద్దున్నే వెళ్ళి షెడ్డు ఓనర్ని అడిగాను. డబ్బులిచ్చేదాకా ‘రండి బాబూ, కూచోండి, ఒరేయ్ టీ చెప్పరా’ అన్న మనిషే. తల ఎత్తలేదు. ఫోన్ చూసుకుంటూనే అన్నాడు: ‘ఏవయ్యా, నీకు హార్స్‌పవర్ కావాలా, వాతావరణ వార్తలు కావాలా?’ చుట్టూ నలుగురు కుర్రాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళలో ఆ 910 కొట్టినవాడూ ఉన్నాడు. నేనేం చేశాను? బండి వేసుకుని వచ్చేశాను. అప్పుడే హెడ్డు (ఇంజన్ పై మూత) విప్పించాల్సింది. ఇంజన్ బాగానే తిరుగుతోంది కదా, అంకె పోతే పోయిందిలే అనుకున్నాను.

తొమ్మిదో రోజు సిద్ధాంతం వంతెన దాటాక, మూడో గేరులో 5500 దగ్గర చిటపటమంది, ఆ వెంటనే వెనక నీలం పొగ. తణుకులో తెలిసిన పాత లేతు వర్క్‌షాపులో విప్పించాం. రెండో సిలిండర్ పిస్టన్‌కి పై రింగుకీ రెండో రింగుకీ మధ్య గోడ విరిగి ఉంది. ప్లగ్గు పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు, మధ్యమధ్య వెండి మెరుపు. ఆ మెరుపు పిస్టన్ అల్యూమినియమే. నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు వేళ తప్పి తనంతట తాను పేలడం, ముదిరిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ పిస్టన్ ఫోర్జ్‌డ్ కూడా కాదు. నెత్తి మీద 50 అని అచ్చు, అంటే అర మిల్లీమీటరు ఓవర్‌సైజు మామూలు పిస్టన్. తిరగేస్తే లోపల పోత పోసిన గరుకు, పోతలోనే వచ్చిన అంకెలు, ఆయిల్ రింగు గాడిలో పొడుగు చీలిక. ఫోర్జ్‌డ్‌ది లోపల డై నొక్కిన నునుపుతో ఉంటుంది, ఆయిలు పోవడానికి చీలిక బదులు డ్రిల్లు కన్నాలుంటాయి. పోత పిస్టన్ మామూలు వాడకానికి భేషుగ్గా పనిచేస్తుంది, కానీ నాకింగ్ దెబ్బకి వంగదు, గాజులా పుటుక్కుమంటుంది. బిల్లులో మాత్రం ‘ఫోర్జ్‌డ్ సెట్ 58,000’. రాడ్ బోల్టులు కంపెనీవే, మళ్ళీ బిగించారు. పిస్టన్ల బరువుల్లో 6 గ్రాముల తేడా. 1 గ్రాము దాటకూడదు.

కంప్రెషన్ కూడా బ్యూరెట్‌తో (గీతలున్న గాజు గొట్టం) ద్రవం పోసి చూశాం, అది ఎక్కువైతే నాకింగ్ ముంచుకొస్తుంది. 74.5 బోరు, 75.5 స్ట్రోకు, ఒక్కో సిలిండర్ 329 సీసీ. 10.2 కావాలంటే పైన మిగలాల్సిన ఖాళీ 35.8 సీసీ. ఉన్నది 32.3, అంటే 11.2. పైకి లేచిన పిస్టన్ నెత్తి లేదు కాబట్టి హెడ్డు ఫేసింగ్ 1.2 మిల్లీమీటర్లు, బ్లాకు పై ముఖం 0.4 కొట్టించి కంప్రెషన్ లాగాడు, లాగుతూ లాగుతూ ఎక్కడ ఆగాలో మర్చిపోయాడు. అంత మందం తీస్తే టైమింగ్ బెల్టు వైపు దూరం తగ్గి క్యామ్ క్రాంకు లెక్కలో మూడు నాలుగు డిగ్రీలు వెనకబడుతుంది. డయల్ గేజీ, డిగ్రీ చక్రం పెట్టి, అడ్జస్ట్ అయ్యే పుల్లీతో దాన్ని సరిచేయాలి. పుల్లీ కంపెనీదే. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య సందు మట్టి ముద్ద పెట్టి చూశాడో లేదో దేవుడికెరుక. ఇన్‌లెట్‌కి 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 2.5 ఉండాలి.

ఇంకో ముక్క బిల్లులోనే ఉంది, నేనే చదవలేదు: ‘టెస్ట్ ఫ్యూయెల్ 100 ఆక్టేన్, 10 లీటర్లు’. ఆక్టేన్ ఎక్కువుంటే నాకింగ్‌ని తట్టుకుంటుంది. ట్యూనింగ్ దాని మీద చేసి, తాళాలిస్తూ ‘మామూలు బంకు పెట్రోలు కొట్టించుకోండి, ఏం కాదు’ అన్నాడు. వీడియోలో ఇది కూడా దొరికింది: చివరి రన్నుకి ఇగ్నిషన్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు ప్లగ్గు మండాలో) 28 నుంచి 32 డిగ్రీలకి పెంచారు, పెరిగింది 0.6 హెచ్‌పీ. నాలుగు డిగ్రీలు పెంచినా టార్కు కదల్లేదంటే ఇంజన్ ఇక చాలంటోందని అర్థం. అక్కడినుంచి రెండు డిగ్రీలు వెనక్కి తగ్గి ఆగాలి. రోడ్డు బండికి ఇంకాస్త తగ్గించాలి, ఎందుకంటే మన ఎండలో బానెట్ కింద గాలి 60 డిగ్రీలు దాటుతుంది. నాకింగ్ వినడానికి పెద్ద సామాను అక్కర్లేదు. రాగి గొట్టం ఒక చివర చదును చేసి బ్లాకుకి బోల్టు బిగించి, రెండో చివర నుంచి రబ్బరు పైపు చెవి మఫ్‌లోకి పెట్టుకుంటే చిటపట మొదలవగానే తెలుస్తుంది. మహా అయితే మూడొందల ఖర్చు. ఆ మూడొందలు పెట్టకుండా నా 2,40,000 తగలేశాడు.

అంటే 11.2 కంప్రెషన్, 32 డిగ్రీలు, మామూలు పెట్రోలు, పోత పిస్టన్. నాలుగూ ఒక్కచోట చేరాక తొమ్మిది రోజులు బతకడమే ఎక్కువ.

ఎక్కడ చేయించుకున్నా సరే, విప్పకముందు అదే డైనో మీద పాత ఇంజన్‌తో ఒక రన్ కొట్టించండి, తర్వాత వచ్చే అంకెని దానితోనే పోల్చండి. కరెక్షన్ లేని అంకె, రన్ ఫైలు అడిగి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. పీడనం, ఉష్ణోగ్రత మీ ఫోన్‌లో కూడా చూడండి. గ్రాఫులో లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ళు) గీత ఉండాలి, ఫుల్ థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.88. ఏ పెట్రోలు మీద తిరుగుతారో దాని మీదే ట్యూన్ చేయించండి. హెడ్డు మూయకముందు పిస్టన్ల ఫోటో, నెత్తీ లోపలా రెండూ. 74.5 బోరుకి పై రింగు గ్యాపు (రింగు రెండు కొసల మధ్య సందు) 0.33 నుంచి 0.35 మిల్లీమీటర్లు పెట్టారో లేదో మీ కళ్ళముందే ఫీలర్ రేకుతో చూపించమనండి. డబ్బులు సగమే ఇవ్వండి బాబూ, నా దారిలో పోకండి.

నిన్న షెడ్డు ఓనరు ఫోన్ చేశాడు. సోమవారం తెస్తే ‘కొత్త ఎస్టిమేట్’ ఇస్తాడట. నా 101.6 కాగితాన్ని లామినేషన్ చేయించి కౌంటరు వెనక గోడకి తగిలించాడని ఒక తమ్ముడు ఫోటో పంపించాడు. అటు వెళ్ళినవాళ్ళు కాస్త దగ్గరకి వెళ్ళి కింది నుంచి మూడో లైను చదవండి. 910 కనిపిస్తే ఆ షెడ్డే.