ఇంగ్లిష్ మాటలు పెరగడానికి ఏది మేలు: ఎడిటోరియలా, తుఫాను వార్తా?

పోటీ పరీక్షలకు చదివే తెలుగు మీడియం పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఎడిటోరియల్ చదవమంటున్నారు. చదువుతున్నాం, డిక్షనరీ చూస్తున్నాం, నోట్ చేసుకుంటున్నాం. వారం తిరిగేసరికి ఒక్క మాటా గుర్తుండటం లేదు. ఏం చేయాలి?" నా సలహా ఒక్కటే. మొదటి కొన్ని నెలలు ఎడిటోరియల్ పేజీ జోలికి పోకండి. వరదలు, తుఫాన్లు, ప్రమాదాల వార్తలు చదవండి.

అలాగని ఎడిటోరియల్‌ను తక్కువ చేయడం లేదు. ఒక అభిప్రాయాన్ని ఎలా నిలబెట్టాలో, ఎదుటివారి వాదనలో నిజాన్ని ఒప్పుకుంటూనే ఎలా కాదనాలో అక్కడే తెలుస్తుంది. మెయిన్స్‌లో ఎస్సే రాయాల్సినవాళ్లకు అది తప్పదు. చిక్కల్లా ఏమిటంటే, అక్కడ విషయమూ కొత్తదే, మాటా కొత్తదే. రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేట్ల మీద రాసిన పేరాలో తెలియని మాట తగిలితే, దాని అర్థం ఊహించడానికి ఏ ఆధారమూ దొరకదు. పైగా ఇవాళ వడ్డీ రేట్లు, రేపు పశ్చిమాసియా, ఎల్లుండి గవర్నర్ల అధికారాలు. ఇవాళ రాసుకున్న మాట మళ్లీ ఎప్పుడు ఎదురవుతుందో చెప్పలేం.

విపత్తు వార్తలో విషయం మనకు ముందే తెలిసి ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను బుడమేరు ముంచేసినప్పుడు సింగ్‌నగర్‌లో ఇళ్లు నీళ్లలో ఉండటం మనమంతా టీవీల్లో చూశాం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయిందని విన్నాం. బుడమేరుకు పడ్డ గండ్లను పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. ఇదంతా తెలిసినవాళ్లు ఇంగ్లిష్ వార్తలో 'బ్రీచ్' అనే మాట చూస్తే అది గండి అని ఎవరూ చెప్పక్కర్లేదు. 'ప్లగ్డ్ ద బ్రీచ్' అంటే గండి పూడ్చారని వెంటనే తడుతుంది. 'ఇనండేటెడ్', 'సబ్‌మర్జ్డ్' అన్నవి మునిగిన కాలనీల పేర్ల పక్కనే ఉంటాయి కాబట్టి డిక్షనరీ తీసే పని ఉండదు.

అయితే నేను ఈ వార్తలకే ఓటు వేయడానికి అసలు కారణం వేరే ఉంది. ఒక తుఫాను వారం, పది రోజుల పాటు వార్తల్లో ఉంటుంది. అవే మాటలు రోజూ తిరిగి వస్తాయి, అదీ ఒక్కో రోజు ఒక్కో రూపంలో. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ వార్తలు ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొరుకుతాయి, తీసి వరసగా చదివి చూడండి. తుఫానుకు ముందు రోజుల్లో అంతా జరగబోయేదే: 'ఈజ్ లైక్లీ టు', 'ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు', 'హావ్ బీన్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇంటు ద సీ'. తీరం దాటిన రోజున 'మేడ్ ల్యాండ్‌ఫాల్', 'ల్యాష్డ్', 'బ్యాటర్డ్', 'అప్‌రూటెడ్'. ఆ మర్నాటి నుంచి 'స్ట్రాండెడ్', 'ఇవాక్యుయేటెడ్', 'డెత్ టోల్', 'రిలీఫ్ క్యాంప్స్'. తర్వాత 'రెస్టోర్' వంతు వస్తుంది. కరెంటు, నీళ్లు, ఫోన్లు, రైళ్లు అన్నిటికీ అదే మాట. చివర్లో నష్టం అంచనాలు, 'ఎక్స్‌గ్రేషియా', ఎవరిది తప్పన్న వాదనలు. అక్కడికి వచ్చేసరికి 'షుడ్ హావ్ బీన్' లాంటి వాక్యాలు మొదలవుతాయి. భవిష్యత్తు, భూతకాలం, పాసివ్ వాయిస్, జరగాల్సి ఉండీ జరగనివి, గ్రామర్ పుస్తకంలో నాలుగైదు పాఠాలు ఒకే సంఘటనలో వరసగా ఎదురవుతాయి.

మాటల జోడీలు కూడా ఇక్కడ బాగా పట్టుబడతాయి. తెలుగులో గండి పడుతుంది, వాగు పొంగుతుంది, తుఫాను తీరం దాటుతుంది. ఇవి తారుమారు చేస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. డెత్ టోల్ 'రైజెస్', వరద నీరు 'రిసీడ్స్', తుఫాను ప్రాణాలను 'క్లెయిమ్స్'. ఒక్కో మాటకు అర్థం బట్టీ పడితే ఈ జోడీలు రావు. నాలుగు రోజుల వార్తల్లో నాలుగుసార్లు కలిసి కనిపిస్తే వాటంతట అవే వస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మొదట హెడ్డింగ్ చదివి అర్థం చేసుకోబోతే చాలామంది దెబ్బతింటారు. 'టూ కిల్డ్ ఇన్ వాల్ కొలాప్స్' అంటే ఇద్దరు ఎవరినో చంపారని కాదు, గోడ కూలి ఇద్దరు చనిపోయారని. హెడ్డింగ్‌లో 'వర్' (were) అనే మాట ఎగిరిపోతుంది. నిన్న జరిగినదాన్ని 'సైక్లోన్ హిట్స్ కోస్ట్' అని వర్తమానంలో రాస్తారు. అందుకే ముందు వార్తలో మొదటి పేరా చదవండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది అన్నీ పూర్తి వాక్యాల్లో అక్కడ ఉంటాయి. ఆ తర్వాత హెడ్డింగ్‌కు వెళ్లి, ఏ మాటలు తీసేశారో చూడండి.

ఈ పద్ధతికి లోటు లేకపోలేదు. విపత్తు వార్తలతో వచ్చే మాటలు ఒక పరిధిలోనే ఉంటాయి, వాటితో ఇంటర్వ్యూలో మీ గురించి మీరు చెప్పుకోలేరు. ఇంకో మాట కూడా చెప్పాలి. అవి మనవాళ్ల ఇళ్లు, మనవాళ్ల ప్రాణాలు. మనం కొత్త మాట కింద గీత గీసుకుంటున్న ఆ వాక్యంలో ఒక కుటుంబం రోడ్డున పడి ఉంటుంది. వార్తను వార్తగా, ఆ మనుషుల కోసం చదవాలి. భాష దాని వెంటే వస్తుంది. మనసు కలతపడేవాళ్లు, ఆ వరదలో స్వయంగా నష్టపోయినవాళ్లు దీన్ని వదిలేయవచ్చు. క్రీడా వార్తల్లోనూ మాటలు ఇలాగే తిరిగి వస్తుంటాయి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. వర్డ్ లిస్టులు, యాప్‌లు పరీక్ష ముందు నెల రివిజన్‌కు పనికొస్తాయి, అంతకుమించి ఆశించకండి. ఇంగ్లిష్ టీవీ ఉచ్చారణకు మంచిది; శిథిలాలకు వాడే మాటను 'డెబ్రిస్' అని చదువుకున్నది 'డెబ్రీ' అని అక్కడే తెలుస్తుంది. వాతావరణ శాఖ బులెటిన్లు చిన్నవి, కానీ కచ్చితమైనవి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం మనకు తెలిసినవే కాబట్టి 'లో ప్రెషర్ ఏరియా', 'డిప్రెషన్', 'డీప్ డిప్రెషన్' తేలిగ్గా పట్టుబడతాయి. అందులో 'ఎక్స్‌ట్రీమ్లీ హెవీ' అన్నది ఊరికే వాడే మాట కాదు. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు మించితేనే ఆ మాట వాడతారు. తుఫాను వార్త పక్కన పెట్టుకుని చదివితే ఈ బులెటిన్లు ఇంకా బాగా అర్థమవుతాయి.

మరి ఎడిటోరియల్‌కు ఎప్పుడు రావాలి? మీరు వారం రోజులు అనుసరించిన వరద మీదే పేపరు సంపాదకీయం రాస్తుంది. మీరు మొదట చదవాల్సిన ఎడిటోరియల్ అదే. విషయం తెలుసు, మాటల్లో సగం తెలుసు. ఇక మిగిలేది వాదన ఎలా నడిపారన్నదే కాబట్టి, దాని మీద మనసు పెట్టడానికి అప్పుడు వీలవుతుంది.