కాలీఫ్లవర్ నారు: మా ఇంటి దగ్గర నర్సరీ రివ్యూ

మిద్దె తోట వాళ్ళ కోసం రాస్తున్నా. హైదరాబాద్‌లో మా కాలనీ దగ్గర ఒక చిన్న నర్సరీ ఉంది, అక్కడ అక్టోబర్‌లో కొన్న కాలీఫ్లవర్ నారుకి నేను అయిదుకి నాలుగు ఇస్తా.

పోయినేడు ఆన్‌లైన్‌లో విత్తనాల ప్యాకెట్ తెప్పించా. పైన పెద్ద తెల్ల పువ్వు బొమ్మ ఉంది గానీ రకం ఏంటో, ఏ నెలలో వేయాలో ఒక్క ముక్క లేదు. నాకూ తెలీక జూన్‌లో వేసేశా. మొక్కలు నవనవలాడుతూ పెరిగాయి, ఆకుల మీద ఆకులు, రోజూ పొద్దున్నే పోయి మధ్యలో పువ్వు కనిపిస్తుందేమో అని చూడటం, లేకపోతే దిగులుగా కిందికి రావడం, నాలుగు నెలలు ఇదే పని. కాలీఫ్లవర్‌లో ముందస్తు రకాలు వేరు, చలికాలం రకాలు వేరు అని తర్వాత తెలిసింది. పూసా దీపాలి లాంటివి వేడిని కాస్త తట్టుకుంటాయి, పూసా స్నోబాల్ కె-1 లాంటి వాటికి గట్టి చలి తగలాల్సిందే, లేకపోతే ఆకులే వేస్తాయి.

అందుకే ఈ నర్సరీ అతను నాకు నచ్చాడు. ధర చెప్పకముందే "ఎప్పుడు పెడ్తరక్కా, నేలలనా బ్యాగులనా?" అని అడిగాడు. నేను బాగా ఎత్తుగా ఉన్న ట్రే చూపించి అదే ఇవ్వమన్నా. "అవి ముదిరిపోయినయక్కా, నలభై రోజులు దాటినయ్, పెడితే గుండీ అంత పువ్వొస్తది, పక్క ట్రే తీస్కోండి" అన్నాడు. అమ్ముకుంటే ఆయనకే డబ్బులు కదా, అయినా ఇవ్వలేదు. నిజంగానే నారు ముదిరితే పువ్వు తొందరగా వచ్చేసి చిన్నగానే ఆగిపోతుంది, నారు 25-30 రోజులది, నాలుగైదు ఆకులతో ఉండాలి.

ప్రోట్రే (నారు పెంచే గుంటల ప్లాస్టిక్ ట్రే) అడుగు నుంచి వేలితో నెడితే మొక్క కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ముద్దతో సహా ఊడొచ్చింది, చుట్టూ తెల్లటి వేర్లు జల్లెడలా అల్లుకుని ఉన్నాయి, నల్లబడ్డ వేరు ఒక్కటి కూడా లేదు. మొక్క 3 రూపాయలు, 16 తెచ్చా, 14 బతికాయి. పోయిన రెండూ దారిలో విరిగినవే. పేపర్లో చుట్టి కవర్లో వేసి ఇచ్చేస్తారు, ఒక అట్టపెట్టె మనమే తీసుకెళ్ళడం మంచిది. ఇంకో లోపం, ట్రేల మీద రకం పేరు రాయరు, అడిగితే "హైబ్రిడే అక్కా" అంటారు అంతే. మార్కులు తగ్గించింది ఈ రెండిటికే.

15 అంగుళాల బ్యాగుకి ఒక్క మొక్క పెట్టా, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ సమానంగా కలిపి గుప్పెడు వేపపిండి వేశా. బ్యాగుల మధ్యలో ఆవాలు చల్లమని నర్సరీ అతనే చెప్పాడు, ఆకులు తినే డైమండ్ రెక్కల పురుగు ముందు ఆవ మొక్కల మీదికే పోతుందట, చల్లా, నిజంగానే ఆవ ఆకులకే ఎక్కువ చిల్లులు పడ్డాయి. కాలీఫ్లవర్ మీదా కొన్ని వచ్చాయి, ఆకు తిప్పి చూస్తే సన్నటి ఆకుపచ్చ పురుగు, ముట్టుకోగానే గిలగిలా కొట్టుకుని దారం పట్టుకుని కిందికి వేలాడుతుంది. లీటరు నీళ్ళకి 5 ఎంఎల్ వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టా, అదుపులోకొచ్చాయి.

పువ్వు కోడిగుడ్డంత అయ్యాక పై ఆకులు దగ్గరికి లాగి నూలు దారంతో వదులుగా కట్టేయాలి. ఒకదానికి మర్చిపోయా, ఎండ తగిలి పసుపు రంగుకి తిరిగింది, మిగతావి పాలలా తెల్లగా వచ్చాయి. ఒకటి కోస్తే కాడ లోపల బోలుగా, గోధుమ రంగుగా ఉంది, అది బోరాన్ తక్కువైన లక్షణం, నారు తప్పు కాదు, నా మట్టిదే.

జనవరి మొదటి వారంలో మొదటి పువ్వు కోశా, వంటింటి కాటా మీద 780 గ్రాములు! మా అత్తయ్య ఉప్పు వేసిన వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి చూశారు, ఒక్క పురుగు తేలలేదు, ఆ సాయంత్రమే అల్లం, పచ్చిమిర్చి వేసి వేపుడు చేశారు.

వెళ్ళేవాళ్ళు ఆదివారం వద్దు, జనం ఎక్కువ, ఆయనకి మాట్లాడే తీరిక ఉండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళి, నారు ఎన్ని రోజులదో అడిగి తెచ్చుకోండి.