₹200 మల్టీమీటరు బడి పిల్లలకు సరిపోతుందా? డీటీ-830డీ సమీక్ష

పసుపు డబ్బా, నడుమ పెద్ద గుండ్రటి స్విచ్చి, ఎరుపు నలుపు వైర్లు. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో మల్టీమీటరు (వోల్టేజి, కరెంటు, నిరోధం కొలిచే పరికరం) కావాలంటే ముందుగా తీసి చూపించేది ఇదే. డీటీ-830డీ అనేది కంపెనీ పేరు కాదు, మోడల్ పేరు. ఇదే నమూనాని ఎంతోమంది రకరకాల పేర్లు అచ్చేసి అమ్ముతుంటారు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ₹200కి అటూ ఇటూగా దొరుకుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కరెంటు, వోల్టేజి, వలయాలు నేర్పడానికి ఇది పనికొస్తుందా అంటే, బ్యాటరీ సెల్లులతో చేసే ప్రయోగాలన్నింటికీ బాగా పనికొస్తుంది. వీలైతే రెండు కొనండి. ఇంట్లో ప్లగ్గు జోలికి మాత్రం పిల్లలను దీంతో పోనివ్వకండి.

రెండు ఎందుకంటే, ఓమ్ నియమం (వోల్టేజి పెరిగితే కరెంటూ అదే నిష్పత్తిలో పెరుగుతుందనేది) ప్రయోగంలో వోల్టేజీ కరెంటూ ఒకేసారి కళ్ల ముందు కనబడాలి. ఒకే మీటరుతో చేస్తే ప్రతి రీడింగుకీ వలయం విప్పాలి, స్విచ్చి తిప్పాలి, మళ్లీ కలపాలి. ఆ హడావిడిలో స్విచ్చి కరెంటు రేంజిలోనే ఉండిపోయి సెల్లుకు తగిలించడం, ఫ్యూజు ఎగిరిపోవడం మామూలే. ఖరీదైన ఆటో రేంజి మీటరు ఒకటి కొనే డబ్బుతో ఇవి రెండు కొనడం మేలు. పైగా ఆటో రేంజి మీటరు రేంజిని తనే ఎంచుకుంటుంది. దీంట్లో అయితే రాబోయే విలువ ఎంత ఉండొచ్చో పిల్లలే ముందు లెక్కేసి స్విచ్చి తిప్పాలి. నేర్చుకోవలసిందే అది.

తెర మీద 1999 వరకే అంకెలు పడతాయి. స్విచ్చి చుట్టూ ఉన్న 2000 మిల్లీ, 20, 200 అనేవి ఆ చోట కొలవగలిగే గరిష్ఠ విలువలు. 20 వోల్టుల రేంజిలో వోల్టులో నూరో వంతు వరకు కనబడుతుంది. విలువ రేంజిని దాటితే ఎడమ పక్కన ఒంటరిగా 1 మిగులుతుంది. దాన్ని 'ఒక వోల్టు' అని రాసుకునే పిల్లలు చాలామంది, మొదటి రోజే చెప్పాలి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే వైర్లు అటుదిటు అయ్యాయని అర్థం, పాడైందేమీ లేదు. నల్ల వైరు ఎప్పుడూ 'కామ్' అని రాసిన రంధ్రంలోనే. ఎర్రది వోల్టు, ఓము, మిల్లీ ఆంపియరు గుర్తులున్న మధ్య రంధ్రంలో. 10 ఆంపియర్ల రంధ్రం సంగతి వేరే చెప్పుకోవాలి.

వోల్టేజితో మొదలుపెట్టండి, అందులో చెడిపోయేది తక్కువ. డీసీ (సెల్లు ఇచ్చే, దిక్కు మారని కరెంటు) వోల్టుల 20లో పెట్టి కొత్త పెన్సిల్ సెల్లు రెండు కొసలకు ఆనిస్తే 1.5 కాదు, 1.6 దరిదాపుల్లో చూపిస్తుంది. సెల్లు మీద అచ్చేసిన 1.5 పేరుకు రాసే విలువ, వాడని సెల్లుకు కాస్త ఎక్కువే ఉంటుంది. రెండు సెల్లులు శ్రేణిలో పెడితే 3.2 దాకా వస్తుంది. ఒకదాన్ని తిరగేసి పెడితే సున్నాకి దగ్గరవుతుంది. పొటెన్షియల్ భేదం (అంటే వోల్టేజి) అనేది రెండు బిందువుల మధ్య ఉండేదే తప్ప ఒక బిందువు దగ్గర ఉండేది కాదని ఇక్కడే పట్టుబడుతుంది. ఒక వైరు తగిలించి రెండోది గాల్లో ఉంచితే ఏమీ రాదు.

కరెంటు కొలవాలంటే వలయాన్ని ఒకచోట తెంపి, ఆ తెగిన రెండు కొసల మధ్య మీటరుని కూర్చోబెట్టాలి. రెండు పెన్సిల్ సెల్లుల హోల్డరు, 1 కిలో ఓము నిరోధకం (గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలు), మీటరు డీసీ 20 మిల్లీ ఆంపియర్లలో. సెల్లులు కలిపి 3.1 వోల్టులుంటే 3.1 మిల్లీ ఆంపియర్ల దగ్గర రావాలి. మీటరుని నిరోధకానికి ముందు పెట్టినా తర్వాత పెట్టినా అదే అంకె. 'నిరోధకం కొంత కరెంటుని తినేస్తుంది' అని నమ్మే పిల్లలకు ఈ ఒక్క ప్రయోగం ఎన్ని పేజీల వివరణకైనా సాటి.

ఈ మీటరులో బడికి అన్నిటికన్నా పనికొచ్చే గుణం, చౌక కావడం వల్ల వచ్చిన లోపమే. ఆదర్శ అమ్మీటరుకు నిరోధం సున్నా అనీ, ఆదర్శ వోల్ట్‌మీటరుకు అనంతమనీ పుస్తకాల్లో చదువుతాం. ఈ మీటరు ఆ రెండింటికీ దూరం, ఆ దూరాన్ని అంకెల్లో చూడొచ్చు. రెండు సెల్లులు, ఎర్ర ఎల్ఈడీ ఒకటి, 100 ఓముల నిరోధకం (గోధుమ, నలుపు, గోధుమ) శ్రేణిలో కలపండి. సెల్లుల 3.1లో ఎల్ఈడీ దగ్గర 1.9 వోల్టులు పోతే మిగిలేది 1.2, కాబట్టి లెక్క ప్రకారం 12 మిల్లీ ఆంపియర్లు. 200 మిల్లీ రేంజిలో కొలిస్తే 11.6 చుట్టూ వస్తుంది. స్విచ్చిని 20 మిల్లీకి తిప్పితే అదే వలయం 10.7 చుట్టూ చూపిస్తుంది. 200 మిల్లీ రేంజిలో మీటరు లోపల 1 ఓము షంట్ (కరెంటు కొలవడానికి పెట్టిన చిన్న నిరోధకం) ఉంటుంది, 20 మిల్లీలో 10 ఓములు, ఫ్యూజు, వైర్లు దానికి అదనం. అంటే 20 మిల్లీకి తిప్పిన మరుక్షణం వలయంలో ఇంకో పెద్ద నిరోధకం చేరింది. అంకె మారింది మీటరు తప్పు కొలిచినందువల్ల కాదు, వలయమే మారింది. ఎల్ఈడీ తీరునుబట్టి మీ అంకెలు కొంచెం తేడాగా ఉండొచ్చు, తగ్గుదల మాత్రం తప్పక కనబడుతుంది.

వోల్టేజి వైపు ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 9 వోల్టుల బ్యాటరీకి రెండు 1 కిలో ఓము నిరోధకాలు శ్రేణిలో కలిపి ఒక్కోదాని మీద కొలిస్తే 4.5, 4.5, మొత్తం 9. ఆ రెండూ తీసేసి రెండు 1 మెగా ఓము నిరోధకాలు (గోధుమ, నలుపు, ఆకుపచ్చ) పెట్టండి. ఇప్పుడు ఒకదాని మీద 3, రెండోదాని మీద 3, కలిపితే 6. మిగతా 3 వోల్టులు ఏమయ్యాయి? వోల్టేజి రేంజిల్లో ఈ మీటరు నిరోధం 1 మెగా ఓము. మీటరు ఆనించిన నిరోధకంతో అది సమాంతరంగా చేరి ఆ భాగాన్ని అర మెగా ఓముకు దించుతుంది, వోల్టేజి 1:2 నిష్పత్తిలో పంచుకుపోతుంది. 10 మెగా ఓముల మంచి మీటరుతో చేస్తే తేడా ఇంత కొట్టొచ్చినట్టు కనబడదు. శ్రేణి, సమాంతర సంధానాల సూత్రాలు లెక్కలకే కాదు, మీటరు చూపే అంకెను నమ్మాలా వద్దా తేల్చుకోవడానికీ కావాలని పదో తరగతి పిల్లలు ఇక్కడ చూస్తారు.

టార్చి బల్బు దగ్గర జాగ్రత్త. 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని అడుగున రాసి ఉండే బల్బు 300 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 200 మిల్లీ రేంజిలో పెడితే తెర మీద 1 పడటం మొదటి నష్టం, ఫ్యూజు కాలిపోయే ప్రమాదం రెండోది. ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, స్విచ్చి కూడా 10కి తిప్పి కొలవాలి. రెండు బల్బులు సమాంతరంగా పెడితే 0.6కు కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే సెల్లుల వోల్టేజి కొంత దిగుతుంది. శ్రేణిలో పెడితే సగం, అంటే 0.15 వస్తుందనుకుంటాం. వచ్చేది 0.2 చుట్టూ. వెలుగు తగ్గిన బల్బులో తీగ అంత వేడెక్కదు, వేడి తగ్గితే నిరోధం తగ్గుతుంది. నమ్మకం కుదరకపోతే బల్బుని విప్పి 200 ఓముల రేంజిలో కొలవండి. వెలిగేటప్పుడు 2.5ని 0.3తో భాగిస్తే 8 ఓములకు పైనే, చల్లగా ఉన్నప్పుడు 1 ఓము దరిదాపులు. అయితే ముందు రెండు వైర్ల మొనలు ఒకదానికొకటి ఆనించి వచ్చే అంకెను (అర ఓము, ఒక్కోసారి ఇంకా ఎక్కువ) తీసేయాలి, లేకపోతే ఇంత చిన్న విలువలో అర్థం ఉండదు.

నిరోధం కొలిచేటప్పుడు వలయంలో సెల్లు ఉండకూడదు, నిరోధకం కనీసం ఒక కొస విడిగా ఉండాలి. పెద్ద నిరోధకాలను రెండు చేతుల వేళ్లతో రెండు కొసలా నొక్కిపట్టి కొలిస్తే ఒంటి నిరోధం సమాంతరంగా చేరి తక్కువ చూపిస్తుంది. ట్రాన్సిస్టరు పెట్టే రంధ్రాలు బడి పిల్లలకు అక్కర్లేదు. డయోడు గుర్తు దగ్గర ఎర్ర ఎల్ఈడీని పరీక్షిస్తే లోపల మసకగా వెలుగుతుంది, తెల్లది వెలగకపోవచ్చు. దాన్ని పాడైందని పారేయకండి, మీటరు ఇచ్చే వోల్టేజి దానికి చాలక అలా ఉంటుంది.

ఇక లోపాలు. అన్నిటికంటే ప్రమాదకరమైనది 10 ఆంపియర్ల రంధ్రం. దానికి ఫ్యూజు లేదు, లోపల ఉన్నది 0.01 ఓము దళసరి తీగ ఒక్కటే. కరెంటు కొలిచాక ఎర్ర వైరుని అక్కడే మరచిపోయి వోల్టేజి చూద్దామని బ్యాటరీకి ఆనిస్తే, స్విచ్చి ఎక్కడున్నా సరే, అది నేరుగా షార్ట్ సర్క్యూట్. పెన్సిల్ సెల్లయితే వేడెక్కుతుంది. బైకు బ్యాటరీ, ల్యాప్‌టాప్ నుంచి తీసిన లిథియం సెల్లు అయితే మొనలు కరుగుతాయి, చేయి కాలుతుంది. 230 వోల్టుల ప్లగ్గులో అదే పొరపాటు జరిగితే మీటరు చేతిలోనే పేలిపోవచ్చు. డబ్బా మీద 1000 వోల్టులు, 750 వోల్టులు అని ఎంత పెద్దగా అచ్చేసినా, ఈ సన్నటి వైర్ల తొడుగునీ ఈ ప్లాస్టిక్‌నీ నమ్మి పిల్లల చేత మెయిన్స్ కొలిపించడం తగదు. క్లాసులో ఒక నియమం పెట్టండి: 10 ఆంపియర్ల రీడింగు అయిపోగానే, ఇంకేదీ ముట్టుకోకముందే ఎర్ర వైరు మధ్య రంధ్రంలోకి రావాలి. ఆ రేంజిలో ఎక్కువ కరెంటుని పది సెకన్లకు మించి పోనివ్వకూడదు కూడా.

ఏసీ (ఇంటి ప్లగ్గులో వచ్చే, దిక్కు మారే) కరెంటు కొలిచే రేంజి ఇందులో అసలు లేదు, ఉన్నవన్నీ డీసీవే. స్విచ్చి పొరపాటున ఏసీ వోల్టుల వైపు ఉండగా సెల్లు కొలిస్తే ఒక దిక్కున దాదాపు రెట్టింపు, తిప్పి పెడితే సున్నా వస్తుంది. అలాంటి వింత అంకె కనబడితే ముందు స్విచ్చి చూడండి.

లోపలి 9 వోల్టుల బ్యాటరీ దిగిపోయినప్పుడు ఈ మీటరు ఆగిపోదు, ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది. పోల్చి చూసుకునే ఆధార వోల్టేజి లోపల తగ్గిపోతుంది కాబట్టి అలా జరుగుతుంది. బ్యాటరీ గుర్తు అన్ని పీసుల్లోనూ సరిగ్గా వెలగదు. కొత్త ఆల్కలైన్ సెల్లు 1.8, 1.9 అని చూపిస్తే మీటరు బ్యాటరీ మార్చే వేళ అయిందన్నమాట. తానంతట తాను ఆగిపోయే ఏర్పాటు లేదు గనుక పని కాగానే ఆఫ్‌కి తిప్పాలి, లేకపోతే బ్యాటరీ ఊరికే దిగిపోతుంది.

వైర్లు బలహీనం. మొన పట్టుకునే పిడి దగ్గర, లోపల రాగి పోగులు తెగి పైన తొడుగు మాత్రం బాగానే ఉంటుంది. ఓముల రేంజిలో రెండు మొనలూ కలిపి వైరుని పిడి దగ్గర వంచి చూడండి, అంకె గెంతితే అక్కడే తెగింది. ఆ ముక్క కత్తిరించి, తొడుగు ఒలిచి, మళ్లీ సోల్డరింగ్ చేస్తే చాలు. క్లాసులో వాడేటప్పుడు మొనలకు బదులు క్రొకొడైల్ క్లిప్పులున్న వైర్లు పెట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి, మొన జారి షార్టయ్యే బెడద తగ్గుతుంది.

ఫ్యూజు పోయిన సంగతి చాలా రోజులు తెలియకపోవచ్చు. వోల్టులు, ఓములు మామూలుగానే చూపిస్తుంటాయి, కరెంటు మాత్రం 0.00. సెల్లులు, 1 కిలో ఓము వలయం 20 మిల్లీలో పెట్టి చూస్తే తేలిపోతుంది. వెనక స్క్రూలు విప్పితే చిన్న గాజు గొట్టం కనబడుతుంది. చాలా పీసుల్లో అది 5×20 మిల్లీమీటర్లు, 200 మిల్లీ ఆంపియర్లు, త్వరగా కాలే రకం, కొన్నింట్లో నేరుగా సోల్డర్ చేసేస్తారు. దాని మీద ఏం రాసి ఉందో చూసి అదే తెచ్చుకోవాలి. తీగ చుట్టి అతికించొద్దు, తర్వాతి తప్పుకు లోపలి షంట్ కాలిపోతుంది, ఇక ఆ మీటరు మిల్లీ ఆంపియర్లు సరిగ్గా కొలవదు. కొనేటప్పుడే నాలుగైదు విడి ఫ్యూజులు అడిగి తీసుకోండి. కొట్లోనే వెనక మూత విప్పించి ఫ్యూజు ఉందో లేదో చూసుకోండి, లేకుండా అమ్మే పీసులూ ఉన్నాయి. మొనలు కలిపినప్పుడు మోగే బజరు కావాలంటే స్విచ్చి దగ్గర శబ్దం గుర్తు ఉన్నదే అడగాలి, ఒకే మోడల్ పేరుతో బజరు ఉన్నవీ లేనివీ రెండూ వస్తున్నాయి.